కాప్ వీధి కార్ఖానా

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కేసరికి పెట్టెలో నాలుగు మూలల నుంచీ తెలుగు మాటలే. ఎవరి ఆఫీసు కబుర్లు వాళ్లవి, ఎవరి వీసా బెంగలు వాళ్లవి. హేవర్డ్, ఓక్లండ్ దాటి రైలు అఖాతం కింది సొరంగంలోకి దిగింది. 1974లో తెరిచిన ఆ సొరంగం పొడవు దాదాపు ఆరు కిలోమీటర్లు. అవతలి ఒడ్డున ఎంబార్కడెరో, మాంట్‌గోమరీ స్టేషన్లలో ఆఫీసుల జనం దిగిపోయాక పెట్టె ఖాళీ అయింది. నేను ఇంకొంచెం ముందుకెళ్లి 16వ వీధి మిషన్ స్టేషన్‌లో దిగాను. చేరాల్సింది కాప్ వీధిలో 272వ నంబరు ఇంటికి. దాని పేరు నాయిస్‌బ్రిడ్జ్.

మెట్లెక్కి పైకి వస్తే అంతా స్పానిష్ మాట. పెనం మీద మొక్కజొన్న రొట్టెలు కాలే వాసన, పళ్ల ముక్కల మీద కారం చల్లి నిమ్మకాయ పిండి అమ్మే ఆడవాళ్లు. దగ్గర్లోనే క్లారియన్ సందు. రెండు పక్కలా జానెడు గోడ వదలకుండా బొమ్మలు గీశారు. వాటిలో చాలా బొమ్మల గొడవ ఒక్కటే: ఉండటానికి చోటు. అద్దె కట్టలేక ఇల్లు వదిలిన కుటుంబాలు, తాళం పడిన కొట్లు, మూటాముల్లె సర్దుకుంటున్న ముసలివాళ్లు. 1776లో మొదలైన మిషన్ డొలోరెస్ చర్చి వల్ల ఈ పేటకు మిషన్ అనే పేరొచ్చింది. మెక్సికో నుంచీ మధ్య అమెరికా నుంచీ వచ్చిన కూలీ జనం దీన్ని తమ ఊరు చేసుకున్నారు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ జీతాలొచ్చి అద్దెలను ఆకాశానికి తీసుకెళ్లాయి. అలాంటి పేటలో, జీతగాడు ఒక్కడూ లేకుండా, కేవలం స్వచ్ఛంద కార్యకర్తల చేతుల మీద 2008 నుంచీ ఈ నాయిస్‌బ్రిడ్జ్ అనే కార్ఖానా నడుస్తోంది. అది ఎలా నడుస్తోందో, డబ్బు ఎక్కణ్ణుంచి వస్తోందో చూద్దామనే నేను వెళ్లాను. మా చీరాలలో అలాంటిది ఒకటి ఉండాలన్న కోరిక నాకు చాన్నాళ్లుగా ఉంది.

ఇలాంటి చోట్లను హ్యాకర్‌స్పేస్‌లంటారు. ఇక్కడి హ్యాకర్లు బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టేవాళ్లు కారు. వస్తువును విప్పి, లోపల ఏముందో తెలుసుకుని, దాంతో మరో పని చేయించేదాకా నిద్రపోనివాళ్లు. ఇంట్లో కొనిపెట్టుకోలేని పనిముట్లు నలుగురూ కలిసి కొనుక్కుని, ఒక గదిలో పెట్టుకుని, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు నేర్పుతారు.

కాప్ వీధి మిషన్ వీధికి సమాంతరంగా తూర్పున సాగే సన్నటి వీధి. తలుపు తీసినావిడ నా పేరడిగి, తన పేరు చెప్పి, కొత్తగా వచ్చారు కదా అన్నీ చూపిస్తాను రండి అంది. తిప్పి చూపించడం ఆమె ఉద్యోగం కాదు. ఆ సాయంత్రం తలుపు దగ్గర ఉన్నది ఆమె గనక ఆ పని ఆమెది. కర్రపని యంత్రాలు ఒకవైపు, త్రీడీ ప్రింటర్లు ఒకవైపు, కుట్టుమిషన్లు ఒకవైపు. గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, ఒక్కోదాని మీద చేత్తో రాసిన చీటీ: రెసిస్టర్లు, కెపాసిటర్లు, స్విచ్‌లు. హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్ భాగాలు అమ్మే గుజరాతీ గల్లీ కొట్లు నాకు బాగా తెలుసు గనక ఆ సొరుగుల ముందు కాసేపు ఆగిపోయాను. పుస్తకాల బీరువాలకు తాళాల్లేవు. ఇక్కడ వస్తువులు వాడుకోవడానికి సభ్యులు కానక్కర్లేదు, డబ్బు కట్టనక్కర్లేదు. నియమం ఒక్కటే: ఒకరితో ఒకరు గొప్పగా మెలగండి. తక్కినదంతా చేసేవాళ్ల ఇష్టం. బల్ల విరిగితే ఎవరు బాగుచేయాలని ఎవరూ అడగరు. బాగుచేయగలిగినవాళ్లు చేస్తారు, ఎలా చేయాలో కూడా వాళ్లే తేలుస్తారు.

సోమవారం సాయంత్రాలు సోల్డరింగ్ నేర్పుతారు. ఈ పద్ధతి నాయిస్‌బ్రిడ్జ్ తొలిరోజుల నుంచీ ఉంది. దీన్ని ప్రారంభించినవారిలో ఒకరైన మిచ్ ఆల్ట్‌మన్ దేశదేశాలు తిరిగి వేలమందికి సోల్డరింగ్ నేర్పిన మనిషి. ఏ టీవీనైనా ఒక్క మీట నొక్కి ఆపేసే టీవీ-బీ-గాన్ అనే చిన్న పరికరం చేసింది ఆయనే. నేను వెళ్లినరోజు బల్ల చుట్టూ డజనుకు పైగా జనం ఉన్నారు. నా పక్కన తల్లితో వచ్చిన పదకొండు పన్నెండేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. తల్లికి ఇంగ్లీషు అంతంతమాత్రం, కుర్రాడే ఆమెకు స్పానిష్‌లో చెబుతున్నాడు. నేర్పే ఆయన నెరిసిన గడ్డం మనిషి. ఎవరి చేతిలోని పనిముట్టునూ తను అందుకోలేదు, మాటతోనే చేయించాడు. సోల్డరింగ్ ఐరన్ వేడి మొనను సర్క్యూటు పలక మీది రాగి చుట్టుకూ, దాంట్లోంచి పైకి వచ్చిన రెసిస్టర్ కాలుకూ ఒకేసారి ఆనించాలి. మనసులో రెండు లెక్కపెట్టాలి. అప్పుడు సోల్డర్ తీగను మొనకు కాదు, వేడెక్కిన చోటికి అందించాలి. ముందు తీగ తీసెయ్యాలి, తర్వాత మొన తీసెయ్యాలి. కరిగిన లోహం అంచులదాకా పాకి మెరిస్తే అతుకు పడ్డట్టు. ఉండ కట్టి మసకగా నిలిస్తే వేడి చాల్లేదన్నమాట. కుర్రాడికి మొదటి రెండూ ఉండలే కట్టాయి. మూడోది మెరిసింది. తల్లి భుజం పట్టుకుని చూపించి, వెంటనే తన సోల్డరింగ్ ఐరన్ ఆమె చేతికిచ్చి, అచ్చం గడ్డం ఆయనలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

ఆ పాఠానికి రుసుము లేదు. పలక, భాగాలు ఇంటికి తీసుకెళ్లేవాళ్లు సరుకు ఖరీదు ఇస్తారు. విరాళం ఇవ్వదలుచుకున్నవాళ్లకు పెట్టె ఉంది. కుర్రాడి తల్లి వెళ్తూ వెళ్తూ ఆ పెట్టెలో ఏదో వేసింది. ఎంత వేసిందో ఎవరూ చూడలేదు. మరి అద్దె ఎలా వస్తుంది అని గడ్డం ఆయన్ని అడిగాను. ‘రేపు మంగళవారం, సమావేశానికి రండి, లెక్కలు అక్కడ చదువుతారు’ అన్నాడు.

మంగళవారం సమావేశానికి ఎవరైనా రావచ్చు. ముందు కుర్చీలు వచ్చినవాళ్లే వేసుకున్నారు. సమావేశం నడిపేదెవరు, మినిట్స్ రాసేదెవరు అని అడిగితే ఇద్దరు చేతులెత్తారు. పేర్ల పరిచయం అయ్యాక మొదటి అంశాల్లోనే డబ్బు లెక్క. బ్యాంకులో ఎంత ఉంది, ఈ నెల ఎంత వచ్చింది, అద్దెకు, కరెంటుకు, బీమాకు ఎంత పోయింది, ఇలాగే సాగితే ఎన్నాళ్లు గడుస్తుంది. కోశాధికారి పని చూసే అమ్మాయి ఇవన్నీ గుక్కతిప్పుకోకుండా చదివింది. నాలాంటి దారిన పోయే మనిషి వింటున్నాడని గొంతు తగ్గించలేదు. ఎవరైనా ఎప్పుడైనా అడగవచ్చు, అడిగితే చెప్పాలి. నేను చూసిన సంఘాల్లో చాలావాటికి లెక్కలు ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో, భోజనాలకు ముందు, చప్పట్ల మధ్య ఆమోదం పొందుతాయి. ఇక్కడ వారం వారం చదవడంలో ఉన్న బలం నాకు ఆ గదిలో కూర్చుంటే తెలిసింది. లోటు వస్తుంటే అది అందరికీ ముందే తెలుస్తుంది. ఎవరో ఒకరు రాత్రిళ్లు ఒంటరిగా ఆ బెంగ మోయక్కర్లేదు.

నిర్ణయాలు ఓట్లతో జరగవు. ఏకాభిప్రాయం కావాలి. ఒక్క సభ్యుడు గట్టిగా కాదంటే ఆ ప్రతిపాదన ఆగుతుంది. అందుకే సభ్యత్వం అంత తేలిగ్గా ఇవ్వరు. ఇద్దరు సభ్యులు బలపరచాలి, దరఖాస్తు కొన్ని వారాలు అందరికీ కనబడేలా ఉండాలి, ఆ తర్వాత సమావేశం ఒప్పుకోవాలి. ఇంతా చేస్తే సభ్యుడికి అదనంగా దక్కేది ఆ కాదనే హక్కు ఒక్కటే. పనిముట్లు అందరివీ, బాధ్యత మాత్రం సభ్యులది. తొలి ఏళ్లలో నెల చందా 80 డాలర్లు పెట్టుకున్నారు, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకు 40. అమెరికా పన్ను చట్టంలో 501(సి)(3) కింద నమోదైన సేవాసంస్థ గనక ఇచ్చే విరాళానికి పన్ను మినహాయింపు ఉంటుంది. చట్టం అడిగింది గనక డైరెక్టర్ల బోర్డు ఉంది. పెత్తనం మాత్రం మంగళవారం సమావేశానిదే.

మంగళవారమే ఎందుకన్న ప్రశ్నకు జవాబు జర్మనీలో దొరుకుతుంది. బెర్లిన్‌లో 1995లో సీ-బేస్ అనే హ్యాకర్‌స్పేస్ పుట్టింది, వియన్నాలో 2006లో మెటాలాబ్. జర్మనీ హ్యాకర్ల సంఘం కేయాస్ కంప్యూటర్ క్లబ్ వయసు ఇంకా ఎక్కువ, అది 1981 నాటిది. 2007 వేసవిలో ఆ క్లబ్బు బెర్లిన్ దగ్గర్లో పెట్టిన శిబిరానికి అమెరికా నుంచి ఒక జట్టు విమానమెక్కి వెళ్లింది. తిరిగొచ్చాక న్యూయార్క్‌లో ఎన్‌వైసీ రెసిస్టర్, వాషింగ్టన్‌లో హ్యాక్‌డీసీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో నాయిస్‌బ్రిడ్జ్ మొదలయ్యాయి. ఈ ప్రారంభాలన్నిటికీ దారి చూపింది ఆ ఏడాదే ఇద్దరు జర్మన్లు, యెన్స్ ఓలిగ్, లార్స్ వైలర్, చేసిన ఒక ప్రసంగం. తమ అనుభవమంతా చిన్న చిన్న సూత్రాలుగా విడగొట్టి, వచ్చే సమస్య ఇది, మేం చూసిన పరిష్కారం ఇది అని వరసగా చెప్పారు. ఏ రోజు పెట్టినా ఎవరో ఒకరికి కుదరదు, అందుకని చర్చ మానేసి మంగళవారం ఖాయం చేసుకోండి అన్నది వాటిలో ఒకటి. మనవైపు మంగళవారం కొత్త పని మొదలుపెట్టరు గానీ, రోజు ఖాయంగా ఉండాలన్న మాట మాత్రం మనకూ వర్తిస్తుంది.

ఈ రకంగా సూత్రాలు కూర్చే పద్ధతి సాఫ్ట్‌వేర్ వాళ్లకు అబ్బింది ఒక వాస్తుశిల్పి నుంచి. ఆయన క్రిస్టఫర్ అలెగ్జాండర్. ఇళ్లూ వీధులూ మనుషులకు హాయిగా ఉండాలంటే ఏం చేయాలో 1977లో ‘ఎ ప్యాటర్న్ లాంగ్వేజ్’ అనే పుస్తకంలో రాశాడు. అప్పుడాయన ప్రొఫెసర్‌గా ఉన్నది అఖాతానికి ఆ ఒడ్డున, బర్కిలీలో. బర్కిలీలో బయల్దేరిన ఆలోచన ప్రోగ్రామర్ల చేతుల్లో పడి, జర్మనీ చుట్టి, అక్కడి గదుల అనుభవం కలుపుకుని, మళ్లీ రైలు దూరంలోని మిషన్ పేటకే వచ్చి చేరింది. ఇంత దగ్గరి రెండు చోట్ల మధ్య ఇంత ప్రయాణం ఉందని తెలిసి నాకు ముచ్చటేసింది.

డబ్బు గురించి ఆ జర్మన్లు చెప్పిన మాటల్ని నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను. చందా నెలనెలా వసూలు చేయండి, మొహమాటపడకండి. విద్యార్థులకు తగ్గించండి. మూడు నెలల అద్దె ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. బయటి పోషకుడి మీద ఆధారపడకండి, ఆ డబ్బు ఆగినరోజు మీరూ ఆగిపోతారు. గదిలో ఎవర్నీ కాపురం పెట్టనివ్వకండి. నిద్రపోయే ఇరుగుపొరుగు లేని చోటు వెతకండి. వంటిల్లు ఉండేలా చూసుకోండి, కలిసి తిన్నవాళ్లు కలిసి పనిచేస్తారు.

వాటిలో పోషకుడి మాట నాకు వెంటనే మింగుడుపడలేదు. మనకు ఏ మంచిపని తలపెట్టినా ముందు గుర్తొచ్చేది ఒక దాత. బడికైనా, గుడికైనా, గ్రంథాలయానికైనా ఒక పెద్దాయన పేరు గోడ మీద ఉంటుంది. ఆ మాటలో నిజం ఎంతో తెలుసుకోవడానికి ఈ ఊళ్లోనే ఒక పాత కథ దొరికింది. గోల్డెన్ గేట్ వంతెనకు వెళ్లే దారిలో ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ అనే గుమ్మటం ఉంది, 1915 ప్రదర్శన కోసం కట్టింది. ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియం ఒకప్పుడు అందులోనే ఉండేది. 1971లో స్టువర్ట్ బ్రాండ్ అనే ఆయన తన ‘హోల్ ఎర్త్ కేటలాగ్’ ప్రచురణకు ముగింపుగా అక్కడో విందు ఇచ్చి, 20,000 డాలర్ల నగదు తెచ్చి జనం ముందు పెట్టి, దీంతో ఏం చేయాలో మీరే తేల్చండి అన్నాడు. రాత్రంతా వాదించుకున్నారు. ఒక్కొక్కరు ఒక్కో మంచిపని చెప్పారు, ఏదీ తేలలేదు. తెల్లారేసరికి మిగిలిన కొద్దిమంది, చివరికి చేతిలో మిగిలిన దాదాపు 15,000 డాలర్లను ఫ్రెడ్ మూర్ అనే యుద్ధవ్యతిరేక ఉద్యమకారుడి చేతిలో పెట్టారు. డబ్బుకన్నా మనుషులు ఒకచోట చేరడమే ముఖ్యమని వాదించిన మనిషి అతను.

అదే ఫ్రెడ్ మూర్ నాలుగేళ్ల తర్వాత మరో పని చేశాడు. అది జరిగిన చోటు చూడ్డానికి నేను ఆదివారం మా మేనల్లుడి కారులో మెన్లో పార్క్ వెళ్లాను. చెట్లనీడల్లో నిద్రమత్తుగా ఉండే ఇళ్ల ఊరు. 1975 మార్చి 5 రాత్రి ఈ ఊళ్లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గ్యారేజీలో ముప్పైమంది దాకా కూడారు. కూడగట్టింది ఫ్రెంచ్, మూర్. దానికే తర్వాత హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ అని పేరొచ్చింది. ఆ రాత్రి వచ్చినవాళ్లలో స్టీవ్ వాజ్నియాక్ ఒకడు. తన మొదటి కంప్యూటర్ సర్క్యూటు బొమ్మలు తర్వాత ఆ క్లబ్బులోనే అందరికీ పంచిపెట్టాడు. అదే యాపిల్-1. పెట్టుబడి అడగకుండా, గది అడగకుండా, ఉన్న గ్యారేజీలో మొదలైన కూటమి అది. 20,000 డాలర్లు కళ్లెదుట ఉన్న రాత్రి జరగని పని, డబ్బు ప్రసక్తి లేని రాత్రి జరిగింది. మూర్ వాదం గెలిచిందని నాకనిపించింది.

మెన్లో పార్క్‌లోనే 2006లో టెక్‌షాప్ పుట్టింది. అది కంపెనీ. లక్షల డాలర్ల యంత్రాలు కొని వరసగా పెట్టి, నెలకు వంద డాలర్లకు పైగా తీసుకుని ఎవరినైనా వాడుకోనిచ్చింది. ఫోనుకు తగిలించి కార్డు గీకే స్క్వేర్ పరికరం తొలి నమూనా తయారైంది అక్కడే. జీతగాళ్లు, శుభ్రమైన గదులు, వేలమంది సభ్యులు. చివరినాటికి అమెరికాలో పది కేంద్రాలు నడిపేది. 2017 నవంబర్ 15న ఒక్కసారిగా పదీ మూసేసి దివాలా తీస్తున్నట్టు ప్రకటించింది. సభ్యులు తెల్లారి వెళ్లేసరికి తలుపులకు తాళాలు. ఆ వేలమందీ డబ్బు కట్టినవాళ్లే గానీ, ఆ చందా వాళ్లను యజమానుల్ని చేయలేదు. సంస్థ మునుగుతోందని తెలిసేలా వారం వారం లెక్కలు వినే హక్కు వాళ్లకు లేదు గనక ఆదుకునే వ్యవధి కూడా లేకపోయింది.

మౌంటెన్‌వ్యూలో 2009లో మొదలైన హ్యాకర్ డోజో కథ దీనికి ఎదురు నడిచింది. అది సభ్యులు పెట్టుకున్న సంస్థ. గోదాములాంటి కట్టడంలో జనం పెరిగేసరికి నగరపాలక అధికారులు అగ్నిమాపక నిబంధనలు ముందు పెట్టారు. నిప్పార్పే నీటి గొట్టాలు, అత్యవసర ద్వారాలు, వికలాంగులు వచ్చిపోయే దారులు ఉంటేగాని ఇంతమంది కూడటానికి వీల్లేదన్నారు. అడిగింది న్యాయమే, ఖర్చు మాత్రం తలకు మించింది. 2012లో వాళ్లు కిక్‌స్టార్టర్ వెబ్‌సైటులో జనం ముందు జోలె పట్టారు. డబ్బు వచ్చింది, సంస్థ బతికింది. ఆ తర్వాత చోట్లు మారింది గానీ పేరు నిలిచింది. లెక్క తెలిసిన సభ్యులు ఉంటే ఆపద రోజున నిలబడే మనుషులు ఉంటారు.

నాయిస్‌బ్రిడ్జ్‌కూ ఆ రోజు వచ్చింది. 2008లో వీస్ వీధిలోని చిన్న గదిలో తలుపు తెరిచి, 2009లో మిషన్ వీధిలో ఐదు వేల పైచిలుకు చదరపు అడుగుల అంతస్తుకు మారారు. పదేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. చివరికి ఆ చోటు వదలక తప్పలేదు. కరోనా ముదిరిన 2020లోనే యంత్రాలు విప్పి, పుస్తకాలు పెట్టెలకెత్తి, కాప్ వీధికి చేర్చారు. గదిలో ఎవరూ కూడటానికి వీల్లేని రోజుల్లో గది కోసం చందా కట్టినవాళ్లు ఉన్నారు. ఆ చందాకు బదులుగా ఆ నెలల్లో వాళ్లకు దక్కింది ఏమీ లేదు. ఈ చోటు ఉండాలి అనుకున్నారు, కట్టారు.

తలుపులు బార్లా తెరిచి పెట్టడంలో ఉన్న కష్టం కూడా వాళ్లు నాతో దాచలేదు. ఒకప్పుడు రాత్రింబవళ్లు తెరిచే ఉండేది. దాంతో పనిముట్లు మాయమయ్యేవి. ఇల్లు లేనివాళ్లు నిద్రకు వచ్చేవాళ్లు, వాళ్లను పొమ్మనడానికి నోరు రాదు, ఉండమంటే కార్ఖానా సత్రం అవుతుంది. ఆడవాళ్లు ఇబ్బందిపడిన సందర్భాలూ ఉన్నాయి. 2014లో కొంతకాలం తలుపులు మూసి, గదులు బాగుచేసుకుని, వేళలు పెట్టుకుని మళ్లీ తెరిచారు. అదే ఊళ్లో 2013లో ఆడవాళ్లు తమకోసం డబుల్ యూనియన్ అనే మరో హ్యాకర్‌స్పేస్ పెట్టుకున్నారు. అందరికీ తలుపు తెరిచామనుకుంటే చాలదు, లోపలికి వచ్చినవాళ్లు భయం లేకుండా కూర్చోగలిగారా అన్నది చూడాలి. ఇంకో కష్టం అలసట. ఎప్పుడూ గిన్నెలు తోమేది ఆ నలుగురైదుగురే, చెత్తబుట్ట తీసేది వాళ్లే, బ్యాంకు కాగితాలు చూసేది వాళ్లే. డబ్బు చాలక మూతపడిన సంఘాలకన్నా ఆ నలుగురైదుగురు సొమ్మసిల్లి మూతపడినవి ఎక్కువేమో అని కోశాధికారి అమ్మాయి అంది. అందుకే పదవులు తిప్పుతారు. ఒకరు వదిలే ముందు మరొకరికి నేర్పడం ఆ పదవిలో భాగం. మన సంఘాల్లో ముప్పై ఏళ్లు ఒకే కార్యదర్శి ఉండటాన్ని మనం సేవ అనుకుంటాం. ఆయన తర్వాత ఎవరూ లేకపోవడాన్ని ఆయన పోయాక గాని గమనించం.

మెన్లో పార్క్ నుంచి వస్తూ ఇదంతా మా మేనల్లుడితో అన్నాను. ‘మామయ్యా, ఇక్కడ మాకిది కొత్తేం కాదు. మన బడి నడిచేది ఇలాగే కదా’ అన్నాడు. వాడి భార్య శనాదివారాల్లో పిల్లలకు తెలుగు చెబుతుంది. సిలికానాంధ్ర వాళ్లు 2007లో మొదలుపెట్టిన ‘మనబడి’ అది. నాయిస్‌బ్రిడ్జ్ పుట్టిన ఏడాదే, ఇదే అఖాతం ఒడ్డున పుట్టింది. వారమంతా ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు సెలవురోజున అఆలు దిద్దిస్తారు. ఇచ్చిన విరాళానికి సమానంగా కొన్ని కంపెనీలు తామూ కలుపుతాయని, పన్ను మినహాయింపు రసీదులు ఎలా ఇవ్వాలో, హాలు అద్దెకు ఎలా బేరమాడాలో మనవాళ్లకు కొట్టినపిండి అని వాడు చెప్పుకొచ్చాడు. ‘ఎవరైనా ఊళ్లో ఇలాంటిది పెడితే డబ్బు పంపడానికి మేం సిద్ధం’ అన్నాడు. ‘డబ్బు రెండో నెల నుంచి పంపు, మొదటి నెల అక్కడివాళ్లనే కట్టనీ’ అన్నాను. వాడికి వెంటనే అర్థమైంది.

వినాయకచవితికి వాడవాడలా చందాలు వసూలు చేయడంలో మనల్ని మించినవాళ్లు లేరు. తొమ్మిది రోజులకు లక్షలు పోగుచేస్తాం, ఒక్క రూపాయి మిగల్చకుండా ఖర్చుపెడతాం, మళ్లీ ఏడాదికి మొదటినుంచి మొదలుపెడతాం. గదికి అద్దె అలా కాదు, అది ప్రతి నెలా ఐదో తారీఖున వస్తుంది. దానికి కావలసింది ఉత్సాహం పొంగిన రోజున ఇచ్చే వెయ్యి రూపాయలు కావు, ఉత్సాహం లేని రోజున కూడా బ్యాంకు ఖాతాలోంచి తనంతట తాను కదిలే రెండొందలు.

ఇది మన నేలకు పరాయి అలవాటేమీ కాదు. మా చీరాల పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది. 1918లో ఊరి యువకులు పెట్టుకున్న గ్రంథాలయం అది. 1929లో దాని భవనానికి గాంధీ శంకుస్థాపన చేశారు. నేను పాత పత్రికలు తిరగేసింది అక్కడి బల్లల మీదే. ఒక తరం పుస్తకాల కోసం ఆ పని చేయగలిగితే, ఈ తరం పనిముట్ల కోసం చేయలేదా? హైదరాబాద్‌లో ప్రభుత్వం టీ-వర్క్స్ కట్టింది. 2023 మార్చిలో ప్రారంభమైన ఆ కేంద్రం 78,000 చదరపు అడుగులు, యంత్రాలు ఘనంగా ఉన్నాయి. అలాంటివి కావాలి. చీరాలలో మగ్గానికి జకార్డు బిగించే మిస్త్రీకీ, ఫోన్లు బాగుచేసే కుర్రాడికీ, ఇంజనీరింగ్ చదువుతూ ఒక్కసారైనా సోల్డరింగ్ ఐరన్ పట్టని అమ్మాయికీ నడిచి వెళ్లే దూరంలో ఒక గది కూడా కావాలి. ఆ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే ఎవరు ఎవరికి నేర్పుతారో ముందుగా చెప్పలేం.

లెక్క వేసి చూశాను. నలభైమంది నెలకు 500 చొప్పున ఇస్తే 20,000. విద్యార్థులకు వంద పెట్టినా, మాలాంటి ఊళ్లో రెండు గదుల అద్దె, కరెంటు, ఇంటర్నెట్ గడుస్తాయి. తొలి ఏడాది యంత్రాలు కొననక్కర్లేదు. నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, రెండు మల్టీమీటర్లు, పాత కంప్యూటర్లు, ఎవరింట్లోనో మూలపడ్డ కుట్టుమిషను చాలు. చేయాల్సిన వరస మాత్రం తప్పకూడదు. ముందు మనుషులు. తర్వాత వారంలో ఒక ఖాయమైన రోజు, అప్పటిదాకా ఎవరింటి వసారాలోనైనా కూడొచ్చు. మొదటి వారం నుంచే చందా, వారం వారం లెక్క చదవడం. మూడు నెలల అద్దె పోగుపడ్డాకే గది. గది వచ్చాకే యంత్రం. దాత ఎవరైనా ముందుకొస్తే యంత్రం కొనిపెట్టమందాం, అద్దె మాత్రం మనమే కట్టుకుందాం.

జర్మనీలో సంఘం రిజిస్టరు చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. మన సొసైటీల చట్టం అడిగేదీ ఏడుగురినే. చీరాలలో, చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నవాళ్లు ఇది చదివితే ఒక మాట. మొదటి నెల చందా నేను కడుతున్నాను. ఇంకా ఆరుగురు కావాలి.